రానిస్తాం, తెలుసుకో

మొన్న మా మనవరాలు ఎవరో కంపెనీ వాళ్ళతో గంటసేపు ఫోన్లో మాట్లాడి వచ్చి సోఫాలో కూలబడింది. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూ అట. ఇప్పుడవన్నీ ఇంట్లో కూర్చునే జరిగిపోతున్నాయి.

"ఏమన్నారే?" అని అడిగాను.

"గెట్ బ్యాక్ టు యూ అన్నారు అమ్మమ్మా."

"అంటే ఏం చెప్పినట్టు?"

"అబ్బా, చెప్తాం అని చెప్పారు. అంతే" అని విసుక్కుని, ఫోన్ చూసుకుంటూ లోపలికి పోయింది.

ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళో ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని. ఆ మాటకు అర్థం తెలియక అడగలేదు. అలాంటి మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అవునని చెప్పరు, కాదని చెప్పరు, చెప్తామని మాత్రం చెప్తారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. నా చిన్నప్పుడు ఇలాంటి మాటే ఒకటి మా ఇంట్లోకి వచ్చింది. మా అక్కను ఎటూ కాకుండా చేసి పోయింది. వచ్చింది ఇంగ్లీషులోనే అయినా, దానికి తెలుగు చెప్పింది నేను.

మాది చిల్లకల్లు దగ్గర రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఊరు. ఊరి చివర మా పాలెం. పాలెం మధ్యలో రేకుల కప్పుతో చర్చి, దాని పక్కనే పాస్టరుగారి ఇల్లు. ఆయన్ని మేమందరం అయ్యగారనే పిలిచేవాళ్ళం. నాన్నకు ఎకరన్నర నల్లరేగడి ఉండేది. అందులో జొన్నా, కందీ, ఒక చెక్కలో మిరపా వేసేవాడు. మిగతా రోజుల్లో అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్ళు. కళ్ళాల్లో మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో పాలెం పాలెమంతా తుమ్ముతూ నిద్ర లేచేది.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఎనిమిదో తరగతి మంచి మార్కులతో పాసైంది. హైస్కూలుకి పోవాలంటే పేటకు, అంటే జగ్గయ్యపేటకు, నాలుగు మైళ్ళు నడవాలి. ఇద్దరికీ పుస్తకాలు కొనే శక్తి నాన్నకు లేదు. "నాకు చదువు ఎక్కట్లేదు నాన్నా, చెల్లిని పంపు" అంది అక్క. అది పచ్చి అబద్ధం. ఆ తర్వాత కూడా నా లెక్కలన్నీ తనే చేసిపెట్టేది. పొయ్యి దగ్గర కూర్చుని, బొగ్గుముక్కతో నేలమీద గీసి చూపించేది. ఒక్క ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయేది. తను చదివిన బళ్ళో ఇంగ్లీషు పేరుకే ఉండేది.

అలా మా పాలెంలో హైస్కూలు గుమ్మం తొక్కిన మొదటి ఆడపిల్లని నేనయ్యాను. తెల్లవారే లేచి, మజ్జిగలో నానబెట్టిన జొన్నన్నం మీద గోంగూర పచ్చడి పెట్టుకుని, ఆ గిన్నెను గుడ్డలో మూటగట్టుకుని బయల్దేరేదాన్ని. వానాకాలం రేగడి మన్ను కాళ్ళకు చెప్పుల్లా అంటుకుపోయేది. దాన్ని పుల్లతో గీకి పారేసి, రోడ్డెక్కి, మళ్ళీ నడక.

అక్కడ మా ఇంగ్లీషు మాస్టారు ఉండేవారు. ఎండాకాలమైనా కోటు విప్పేవారు కాదు. ఆ కోటు దగ్గరికొస్తే ముక్కుపొడుం వాసన గుప్పుమనేది. మంచివారే గానీ, బోర్డు మీద మాటలు వరస పెట్టి రాయడమంటే ఆయనకు పిచ్చి. సే, టెల్, స్పీక్, టాక్, ఇన్ఫార్మ్, రిపోర్ట్, అనౌన్స్. అన్నిటికీ తెలుగులో నాకు తోచింది ఒకటే, చెప్పడం.

"'సే' పక్కన మనిషిని పెట్టాలంటే మధ్యలో 'టు' ఉండాలి. 'టెల్' పక్కన మనిషి నేరుగా కూర్చుంటాడు" అనేవారు మాస్టారు.

నాకు ఎక్కేది కాదు. "హీ సెడ్ మీ" అని రాశాను. అరచేతి మీద డస్టరు దెబ్బ పడింది. మర్నాడు జాగ్రత్తగా "హీ టోల్డ్ టు మీ" అని రాశాను. మళ్ళీ పడింది. రెండిట్లోనూ వాడు నాకు చెప్పాడనే కదా, ఒకచోట ముద్దైన 'టు' ఇంకోచోట ఎందుకు చేదైపోతుందో మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు. దారంతా ఏడుస్తూ, తిట్టుకుంటూ నడిచేదాన్ని. అయినా ఆ ఏడుపు పాలెం పొలిమేర దాకానే. ఇంటికొచ్చానంటే ఇంగ్లీషులో నన్ను మించినవాళ్ళు లేరు.

సెలవు చీటీ రాయడం నేర్పిన రోజున "ఐ బెగ్ టు ఇన్ఫార్మ్ యూ" అన్న ముక్క నోటికి పట్టుకుంది. ఇక దాన్ని వదల్లేదు. "అమ్మా, ఐ బెగ్ టు ఇన్ఫార్మ్ యూ, ఆకలేస్తోంది." "నాన్నా, ఐ బెగ్ టు ఇన్ఫార్మ్ యూ, గేదె తాడు తెంపుకుంది."

"ఆ బెగ్గంటే ఏంటే?" అన్నాడు నాన్న ఒకరోజు.

"అడుక్కోవడం."

నాన్న చుట్ట నోట్లోంచి తీసి కాసేపు ఆలోచించాడు. "సంగతి చెప్పడానిక్కూడా అడుక్కోవాలంటే?" అన్నాడు.

నేనూ అక్కా పడీ పడీ నవ్వాం.

ఆ ఎండాకాలంలోనే అయ్యగారు ఒక కబురు తెచ్చారు. ఎక్కడో పట్నంలో ఒక పెద్దాసుపత్రి ఉంది, ఎనిమిది పాసైన ఆడపిల్లల్ని నర్సు ట్రైనింగుకి తీసుకుంటున్నారు, ఉండడానికి చోటూ తిండీ వాళ్ళే ఇస్తారు, ఆసుపత్రి వాళ్ళే నందిగామ వచ్చి పిల్లల్ని చూస్తారు, అని. అక్క మొహం నేను అంతకుముందెప్పుడూ అలా చూడలేదు. అర్జీ నింపిన రోజు నుంచి ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టేది. జొన్నదంటు ముక్కను నా నాలుక కింద పెట్టి, తీసి, ఎండకేసి చూసి, "నూట రెండు" అనేది గంభీరంగా.

ఇంటర్వ్యూ రోజు నాన్నా అక్కా పొద్దున బస్సుకి నందిగామ పోయారు. మేం సాయంత్రం దాకా గుమ్మంలోనే ఉన్నాం. నేను, అమ్మ, నాయనమ్మ. నాయనమ్మది కోదాడ వైపు. పెళ్ళై యాభై ఏళ్ళైనా ఆమె మాట మాత్రం అక్కడిదే. పొద్దువాలుతుండగా వాళ్ళిద్దరూ వచ్చారు. నాన్న చేతిలో ముంజకాయల గెల ఉంది. అక్క కాళ్ళన్నా కడుక్కోకుండా నా భుజం పట్టుకుంది.

"ఒక దొరసానమ్మ కూర్చుందే. పక్కన మన డాక్టరమ్మ తెలుగులో చెప్తా ఉంది. అన్నీ బాగానే చెప్పా. చివర్లో డాక్టరమ్మ ఇంకో పిల్లని పిలవడానికి బయటికి పోయింది. అప్పుడు దొరసానమ్మ నవ్వి నాతో ఏదో చెప్పింది. 'వుయ్ షల్ లెట్ యూ నో' అంది. మర్చిపోతానేమోనని దారంతా అనుకుంటానే వచ్చా. అంటే ఏంటే?"

నాన్న మొహం వాడిపోయింది. "చివర నో అందా? నో అంటే లేదనేగా?"

"ఆ నో వేరు నాన్నా" అన్నాను నేను. "ఇది తెలుసుకోవడం నో. దీనికి ముందు 'కె' ఉంటుంది. కానీ పలకదు."

"పలకని దాన్ని ఎందుకు రాస్తరే వాండ్లు?" అంది నాయనమ్మ.

"ఉండు నాయనమ్మా!" అని విసుక్కున్నాను. అందరూ నా నోరే చూస్తున్నారు. బళ్ళో నా నోరు ఎవరూ అలా చూసేవాళ్ళు కాదు. నేను కళ్ళు మూసుకుని ఒక్కొక్క మాటా విడదీశాను. 'వుయ్ షల్', మేము చేస్తాం. 'లెట్', రానివ్వడం, పోనివ్వడం. 'లెట్ హిమ్ కమ్' అంటే వాణ్ణి రానివ్వు. 'యూ', నిన్ను. 'నో', తెలుసుకో.

"నిన్ను రానిస్తాం, తెలుసుకో" అన్నాను.

 అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అక్క నన్ను అమాంతం ఎత్తి తిప్పింది.

"సరిగ్గానే చెప్పావా? ఇంకోసారి చూడు" అన్నాడు నాన్న.

ఇంకోసారి చూసినా నాకు తెలిసింది అంతే. కానీ నాకు తెలియదేమో అన్న అనుమానం నాకు రాలేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదేమో. "నూటికి నూరు నాన్నా" అన్నాను.

మర్నాడు పుంజును కోశారు. ఎండు కొబ్బరీ ధనియాలూ నూరిన వాసన మూడిళ్ళ దాకా పోయింది. ఆదివారం అమ్మ చర్చిలో కృతజ్ఞత కానుక వేసింది. అయ్యగారు లేచి, మన పాలెం బిడ్డ నర్సవబోతోందని అందరి ముందూ చెప్పారు. ఆడవాళ్ళు అక్క బుగ్గలు పుణికారు. ఒకావిడ అప్పుడే వచ్చి తన మోకాలి నొప్పి సంగతి మొదలుపెట్టింది.

ఆ వారంలోనే రెడ్డిగూడెం నుంచి కబురొచ్చింది. అక్కడి చిన్నబడిలో ఒక పంతులమ్మ కావాలట. ట్రైనింగు లేకపోయినా పర్లేదు, ఎనిమిది చాలు, శుక్రవారం లోపల వస్తారో రారో చెప్పండి అని. అయ్యగారే మా ఇంటికొచ్చి నాన్నతో అన్నారు.

"లేదండీ. మా అమ్మాయి నర్సు ట్రైనింగుకి పోతంది గదండీ. ఇంకో పిల్లకెవరికన్నా ఇప్పించండి, పుణ్యముంటది" అన్నాడు నాన్న.

అలా అన్నప్పుడు నాన్న తలెత్తి మాట్లాడాడు. అయ్యగారితో అలా తలెత్తి మాట్లాడ్డం నేనదే చూడడం.

జూన్ వచ్చింది. బళ్ళు తెరిచారు. అక్క కోసం రేకుపెట్టె, రెండు తెల్లచీరలు వచ్చాయి. పెళ్ళికాని పిల్లకు తెల్లచీరలేమిటని నాయనమ్మ మూడు రోజులు అన్నం దగ్గర గొణిగింది. అక్క ఆ చీరలను మడతలు విప్పి, మళ్ళీ మడిచి, పెట్టెలో పెట్టి, మూత వేసి, మూత తీసి చూసేది. ఎప్పుడు రమ్మంటారో ఉత్తరం రావాలిగా అని ప్రతి ఆదివారం నాన్న అయ్యగారిని అడిగేవాడు. మా పాలెం ఉత్తరాలన్నీ అయ్యగారి ఇంటికే వచ్చేవి. "ఏం రాలేదయ్యా" అనేవారాయన. "వానలు పడ్డాక పిలుస్తారులే" అనేదాన్ని నేను, ఆసుపత్రి కూడా నా మాట మీదే నడుస్తున్నట్టు. వానలు పడ్డాయి. నేరేడుపళ్ళు వచ్చాయి, నాలుకలు ఊదా రంగు తిరిగాయి. పళ్ళూ అయిపోయాయి. ఉత్తరం లేదు.

"ఇంకా పోలేదా అమ్మాయ్?" అని పాలెంలో అడగడం మొదలుపెట్టారు. అక్క నీళ్ళకు పోయే వేళ మార్చుకుంది.

ఒకరోజు బళ్ళో మాస్టారు మళ్ళీ ఆ చెప్పే మాటల వరస ఎత్తుకున్నారు. ఈసారి ఇంకో నాలుగు చేర్చారు. సుద్దముక్క చప్పుడు చేస్తూ బోర్డు మీద రాస్తున్నారు. చివరి దాన్ని రెండుసార్లు చదివాను. లెట్ సమ్‌వన్ నో.

"దీనికి అర్థం ఎవరు చెప్తారు?"

నా చెయ్యి దానంతటదే లేచింది. "రానిస్తాం, తెలుసుకో అనండీ."

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వారు. "కాదమ్మాయ్. తెలియజేయడం అంతే. ఐ షల్ లెట్ యూ నో అంటే తర్వాత తెలియజేస్తాను అని. అవునని కాదు, కాదని కాదు. ఇంకా ఏమీ తేల్లేదని."

"లెట్ అంటే రానివ్వడమేగా మాస్టారూ?"

"విడిగా ఉంటే అంతే. కలిపితే ఇది. విడదీసి చదివితే ఇంగ్లీషు రాదమ్మా" అని ఆయన తరవాతి మాటకు వెళ్ళిపోయారు.

ఆయనకు అక్కడితో అయిపోయింది. నాకు కాలేదు. విడదీసి చదవకూడదన్న సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అరవాలనిపించింది. గిన్నెలో అన్నం అలాగే తిరిగి ఇంటికొచ్చింది.

ఇంట్లో చెప్పాలి. చెప్పడానికి ఇంగ్లీషులో పదకొండు మాటలు వచ్చు నాకు. తెలుగులో ఒక్కటి నోట్లోంచి రాలేదు. ఆ సాయంత్రం అక్క గుమ్మంలో కూర్చుని దిండుగలేబు మీద ఎర్రదారంతో పువ్వు కుడుతోంది. "ఏంటే అలా ఉన్నావ్? కొట్టాడా మాస్టారు?" అంది. "ఊఁ" అన్నాను. తను నా చెయ్యి తిప్పి చూసి, వాత లేదని, నాకేసి అనుమానంగా చూసింది. అమ్మతో చెబుదామని పొయ్యి దగ్గరికి పోయాను. అమ్మ నా చేతిలో వేయించిన శనక్కాయలు పోసింది. నేను అవి తిని వచ్చేశాను.

నాలుగు రోజులు అలా తిరిగాను. శనివారం అక్కతో కలుపు తీయడానికి చేలోకి పోయాను. పైన మబ్బు పట్టింది. చెరొక సాలూ పట్టుకుని వంగి పోతున్నాం. మొహం మొహం చూసుకునే పని లేదు గనుక అప్పుడు చెప్పేశాను. మాస్టారు ఏమన్నారో, అంతా.

అక్క కొడవలి ఆగలేదు. సాలు చివరిదాకా పోయింది. అక్కడ నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అయితే వాళ్ళు తీసుకుంటామని అన్లేదన్నమాట."

"అన్లేదు."

"తీసుకోమనీ అన్లేదు."

"అన్లేదు."

"మరి రెడ్డిగూడెం?"

 అక్క దగ్గరికి వచ్చి నా చెంప మీద ఒక్కటిచ్చింది. జీవితం మొత్తం మీద తను నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. చేతి నిండా మన్ను. కొట్టాక, తనే కొంగుతో నా చెంప తుడిచింది.

"నాన్నకి నువ్వే చెప్పు. ఆ రోజు చెప్పింది నువ్వేగా" అంది.

చెప్పాను. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, "ఈసారన్నా సరిగ్గా చెప్తన్నావా?" అన్నాడు. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. మర్నాడు తెల్లవారి రెడ్డిగూడెం పోయాడు. సాయంత్రానికి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "వేరే అమ్మాయి చేరిపోయింది. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తంది" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆసుపత్రికి నేనే ఉత్తరం రాస్తానన్నాను. మాస్టారి దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన ఈసారి నవ్వలేదు. తన కాగితమే ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని రాయించారు. 'ఐ మోస్ట్ హంబ్లీ బెగ్' అని మొదలుపెట్టమంటే నాన్న మాట గుర్తొచ్చి అక్కడ కలం ఆగింది. "పరవాలేదు, అదొక మర్యాద" అన్నారు మాస్టారు. జవాబు బడి అడ్రసుకి పంపమని రాశాం.

రెండు వారాల్లో వచ్చింది. నాలుగే వాక్యాలు. ఆ పిల్లను ఎంపిక చేసిన సంగతి జూన్ నెలలోనే ఇంటికి తెలియజేశాం, చేరమన్న తేదీకి రాలేదు, పదిరోజులు చూసి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చాం, విచారిస్తున్నాం.

నేను ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో. ఈసారి ప్రతి మాటా తెలుసు. ఎక్కడా విడదీసేదేమీ లేదు. అంతా అర్థమైపోతోంది.

"ఇంటికి తెలియజేసామంటారేంటి? ఏ ఇంటికి?" అని నాన్న కేకలేశాడు. ఆయన కేకలేయడం మేమెరగం. అప్పటికప్పుడు పోస్టుమానుని వెతుక్కుంటూ పోయాడు. నేనూ వెనకే పరిగెత్తాను. తీరా చూస్తే పాత పోస్టుమాను ఎండాకాలంలోనే మారిపోయాడట. కొత్తాయన రోడ్డు మీద సైకిలాపి, కాలు కింద పెట్టకుండానే చెప్పాడు.

"మీ పాలెంలోకి నేనెక్కడ దిగుతానయ్యా ఆ బురదలో? మీవన్నీ రోడ్డు మీద శెట్టిగారి కొట్లో ఇస్తన్నాగా."

"మాకెవరూ చెప్పలేదండీ."

"శెట్టిగారికి చెప్పా."

శెట్టిగారి కొట్లో బెల్లం, కిరసనాయిలు కలిసిన వాసన. ఆయన మమ్మల్ని చూసి, "ఉత్తరమా? నా దగ్గరెందుకుంటది" అన్నారు. అంతలోనే "ఉండుండు" అని లేచి, తక్కెడ వెనక గోడకు వేలాడుతున్న ఇనప కొక్కేనికి గుచ్చిన కాగితాలు ఒక్కొక్కటే తీశారు. కింద నుంచి మూడోది. కవరుకు నడిమధ్యన కొక్కెం గుచ్చిన బెజ్జం ఉంది.

"మీ పాలెం మనిషెవరో ఉప్పుకొస్తే చెప్పానే, వాళ్ళకి ఉత్తరమొచ్చిందని చెప్పమని" అన్నారాయన.

"ఎవరికి చెప్పారండీ?"

"ఎవరో. ఇప్పుడు గుర్తుంటదా? మీరన్నా ఒకసారొచ్చి అడగొద్దూ?"

ఆయన చెడ్డవాడేం కాదు. నా చేతిలో రెండు బెల్లం ముక్కలు కూడా పెట్టారు. అవి దారిలో విసిరేశాను. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. దొరసానమ్మ చెప్పింది. ఆసుపత్రి చెప్పింది. పోస్టుమాను శెట్టిగారికి చెప్పాడు. శెట్టిగారు ఎవరికో చెప్పారు. నేను కూడా చెప్పాను. ఇంతమంది చెబితే అక్కకు మాత్రం ఏ సంగతీ చేరలేదు.

ఇంట్లో ఆ కవరు చింపి చదివాను. 'వుయ్ ఆర్ ప్లీజ్డ్ టు ఇన్ఫార్మ్ యూ' అని మొదలైంది.

"ప్లీజ్డ్ అంటే?" అంది అక్క.

"సంతోషిస్తున్నామని."

"ఎవరు?"

"వాళ్ళు."

"పోన్లే, వాళ్ళన్నా సంతోషించారు" అని లేచి, గేదెకు కుడితి పెట్టడానికి వెళ్ళింది. చాలాసేపటిదాకా రాలేదు. ఆ చలికాలమంతా అక్క మిరపకాయల కోతకు పోయింది. సాయంత్రం మంటలు పుట్టే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. రేకుపెట్టెలో తెల్లచీరల మీద అమ్మ కందిపప్పు మూట పెట్టింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది, మళ్ళీ నందిగామ అన్నారు. అక్క తనే అర్జీ పెట్టింది. నేను తోడొస్తానంటే వద్దంది. ఆ రోజు లోపల జరిగింది తనే చెప్పింది మాకు. దొరసానమ్మ అన్నీ అడిగి, చివర్లో నవ్వి, మళ్ళీ ఆ మాటే అందట. అక్క లేవలేదట. డాక్టరమ్మ వైపు తిరిగిందట.

"అమ్మా, ఆవిడకి చెప్పండి. పోయినసారి కూడా తెలియజేస్తామనే అన్నారు. మాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. ఈసారి నాకు ఉత్తరాలొద్దు. తీసుకుంటారో లేదో ఇప్పుడే చెప్పమనండి. నేనిక్కడే కూర్చుంటా."

అలా అడిగే పిల్లను వాళ్ళు చూసి ఉండరు. ఇద్దరూ ఇంగ్లీషులో కాసేపు మాట్లాడుకున్నారట. అప్పుడు డాక్టరమ్మ అక్క చెయ్యి పట్టుకుని చెప్పిందట. ఈసారి ఎస్సెల్సీ పాసైన పిల్లలు చాలామంది వచ్చారమ్మా, ఎనిమిది చదివినవాళ్ళని ఇక తీసుకోవట్లేదు, అని.

అక్క బస్సు దిగి నడిచొచ్చి, చెంబుడు నీళ్ళు తాగి, "కాదన్నారు. మొహం మీదే చెప్పారు. ఇదే నయం" అంది. అమ్మ ఏడవబోతే, "ఏడవకమ్మా, చెప్పమంది నేనే" అంది. నాకు ఆ క్షణంలో అక్క కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు.

తర్వాత రెండేళ్ళకు అక్కకు జి.కొండూరులో సంబంధం కుదిరింది. బావ నాలుగెకరాల రైతు, నెమ్మదస్తుడు. అక్క ఆ ఊళ్ళో కాన్పులకు మంత్రసాని పక్కన కూర్చునేది. జ్వరమొచ్చిన పిల్లల్ని జనం ముందు తన దగ్గరికే తెచ్చేవారు. తను మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుని లెక్కపెట్టేది. నేను ఎస్సెల్సీ అయ్యాను, ట్రైనింగయ్యాను, ఉద్యోగమొచ్చింది. నా చదువు ఖర్చులో అక్క మిరపకోత కూలి కూడా ఉంది. పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ, బోర్డు మీద మాటలు వరసగా రాయాల్సి వచ్చినప్పుడల్లా చెయ్యి ఆగేది. ఒక్కొక్క దాన్నీ పట్టుకుని, దీన్ని విడదీస్తే ఏమవుతుందో, కలిపితే ఏమవుతుందో విసుగొచ్చేదాకా చెప్పేదాన్ని. "ఈవిడ ఒక్క మాట మీదే గంట కొడుతుంది" అని పిల్లలు నవ్వుకునేవారు.

ఇన్నేళ్ళలో అక్కతో అన్నీ మాట్లాడాను. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. తప్పు నాదని ఒక్కసారన్నా నోరు తెరిచి చెప్పాలని చాలా అనుకునేదాన్ని. పండగలకు పోయినప్పుడు పిల్లలు చుట్టూ ఉండేవారు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు సందడి. బావ పోయినప్పుడు అది సమయం కాదు.

పోయిన ఏడాది మామిడికాయల రోజుల్లో, ఇక ఆలస్యం చేయకూడదని, ఆ పనికోసమే బయల్దేరి జి.కొండూరు పోయాను. అక్క అరుగు మీద నులక మంచంలో కూర్చుని ఆవకాయకు ముక్కలు తుడుస్తోంది. నేనూ ఒక గుడ్డ తీసుకుని పక్కన కూర్చున్నాను. చేలో లాగే, మొహాలు చూసుకోనక్కర్లేదు. చెప్పడం మొదలుపెట్టాను. దొరసానమ్మ మాట, నా గర్వం, రెడ్డిగూడెం, అన్నీ.  చివరికి ఆ ఒక్క మాటా అనేశాను, నన్ను క్షమించక్కా అని.

అక్క చేతిలో ముక్క తుడవడం పూర్తిచేసి, గిన్నెలో వేసి, నా వైపు చెవి వంచింది.

"ఏంటే? ఈ మధ్య ఈ చెవి బొత్తిగా పని చేయట్లేదు. గట్టిగా చెప్పు."

వాకిట్లో కోడలు ఆవాలు ఎండబోస్తోంది. పక్కింటావిడ గోడ మీంచి చూస్తోంది. అరవై ఏళ్ళ నాటి మాట. అది అరిచి చెప్పే మాట కాదు.

"ముక్కలు బాగా పుల్లగా ఉన్నాయంటున్నా" అని అరిచాను.

"ఇంతసేపూ గొణిగింది ఇదా?" అని అక్క నవ్వి, ఒక ముక్క కొరికి, నిజమేనని తలూపింది.